నెల్లూరు శివారులో అద్దె ఇల్లు: వెతకడం దగ్గర్నుంచి ఐదు నెలలు గడిచేదాకా నా అనుభవం

నెల్లూరు టౌన్‌లో అద్దెలు కట్టలేక శివారు కాలనీల వైపు చూస్తున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పని చేసే క్లినిక్‌లోనే ఇద్దరు ముగ్గురు అడిగారు, ఇల్లు ఎలా దొరికింది, అడ్వాన్స్ ఎంతిచ్చావు, నీళ్ళు ఎలా ఉన్నాయి, వానకి ఇబ్బంది లేదా అని. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పే బదులు జరిగింది జరిగినట్టు మొత్తం రాస్తున్నాను. డబ్బుల లెక్క కూడా (2024–25 నాటి ధరలు) దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఇల్లు మారేటప్పుడు నాకు కావలసింది అదే, అదే ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

2024 మే 26, ఆదివారం. హరనాథపురంలో మేముండే అపార్ట్‌మెంట్ ఓనర్ ఫోన్ చేసి, వాళ్ళబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడు, జూలై ఆఖరుకల్లా ఖాళీ చేయండి అన్నారు. నాలుగేళ్ళు ఉన్నాం ఆ ఇంట్లో. అద్దె 11,000, మెయింటెనెన్స్ 1,200. అదే బిల్డింగ్‌లో ఇంకో ఫ్లాట్ ఖాళీగా ఉంటే అడిగాం, 14,000 చెప్పారు. మా ఆయనది ముత్తుకూరు వైపు నూనె ఫ్యాక్టరీలో షిఫ్టు పని, నాది పొగతోటలో బిల్లింగ్ కౌంటర్, పాప నాలుగో తరగతి. ఆ రాత్రి పాప నిద్రపోయాక కాగితం మీద అన్నీ వేసుకుని చూస్తే, ఎనిమిది వేలు దాటితే మన వల్ల కాదని తేలిపోయింది. ఎనిమిది వేలకి హరనాథపురంలో గానీ, మాగుంట లేఅవుట్‌లో గానీ డబుల్ బెడ్‌రూమ్ మాకెక్కడా కనిపించలేదు. అలా వేదాయపాళెం, కల్లూరుపల్లి, బుజబుజ నెల్లూరు, కోవూరు రోడ్డు, ఇలా టౌన్ అంచుల్లో పడ్డాం.

మొదట ఫోన్ యాప్‌లలో చూశాను. టౌన్ మధ్యలో అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి గానీ శివారు కాలనీల్లో ఇళ్ళు అందులో పెట్టేవాళ్ళు తక్కువ. అక్కడ గేటుకి కట్టిన టులెట్ అట్టముక్కే ప్రకటన. ఆ అట్టముక్క కూడా లేని ఇళ్ళు ఎక్కడున్నాయో తెలిసేది ఇస్త్రీ బండి అన్నకి, వాటర్ క్యాన్లు వేసే కుర్రాడికి, చిల్లర అంగడి ఆమెకి. బ్రోకర్ అయితే ఒక నెల అద్దె అడుగుతున్నారు, చూపించేది కూడా మనం బండి మీద తిరిగితే కనిపించేవే. జూన్ అంతా మా ఆయనకి నైట్ షిఫ్ట్ ఉన్న వారాల్లో, పొద్దున వచ్చి రెండు గంటలు పడుకుని లేచి, ఇద్దరం బండేసుకుని తిరిగాం. ఎండ సంగతి చెప్పక్కర్లేదు, జూన్ నెల నెల్లూరు ఎండ.

ఇల్లు చూడ్డం కంటే ముందు మమ్మల్ని చూసుకోవడం ఉంటుంది, దాని గురించి కొంచెం వివరంగా రాయాలి. గేటు దగ్గర నిలబెట్టే ప్రశ్నలు మొదలవుతాయి. "ఎంతమంది ఉండారు?" "ఊరు యాడ?" "గవర్నమెంటా, ప్రైవేటా?" ఇవి సరే, ఇల్లిచ్చేవాళ్ళు అడగాల్సినవే. ఆ తర్వాత కొంచెం గొంతు తగ్గించి "మీరేమోళ్ళమ్మా?" అని. చెప్పగానే మొహంలో మార్పు కనిపిస్తుంది. ఒక ఇంట్లో పెద్దావిడ మంచినీళ్ళిచ్చి, గదులన్నీ చూపించి, పాప ఏ స్కూలని కూడా అడిగి, ఆ ఒక్క జవాబు విన్నాక "మా అబ్బాయిని అడిగి ఫోన్ చేస్తాలే" అన్నారు. ఫోన్ రాదని అక్కడే అర్థమైపోయింది. బండి మీద వస్తుంటే మా ఆయన ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆ రోజు పొద్దున నుంచి ఏమీ తినలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. డబ్బులు లేక ఇల్లు దొరక్కపోతే ఒక రకం బాధ, ఇది వేరే. కొత్తగా ఇల్లు వెతుకుతున్న వాళ్ళు ఈ ప్రశ్న ఎదురవుతుందని తెలుసుకుని వెళ్ళండి. మేము మాత్రం ఆ తర్వాత ఫోన్‌లోనే ముందే చెప్పేయడం మొదలుపెట్టాం, కుదరదంటే అటు పెట్రోల్ పోసుకుని వెళ్ళే పని ఉండదు కదా అని. అలా చెప్పుకోవాల్సి రావడం నాకిప్పటికీ మింగుడుపడని సంగతే.

అద్దె బాగా తక్కువ చెప్పిన ఇల్లు ఒకటి వచ్చింది, పెన్నకి దగ్గర్లో వెంకటేశ్వరపురం వైపు, 5,000కి రెండు గదులు, పెద్ద వరండా. ఇల్లు చూసి బయటికి వస్తుంటే పక్కింటామె పిలిచి వాళ్ళ గోడ చూపించింది. రంగేసినా కింద నుంచి నా ఛాతీ ఎత్తు దాకా గోడ రంగు వేరుగా ఉంది, పైన వేరుగా ఉంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నీళ్ళు అక్కడి దాకా వచ్చాయట. ఆ వరద అందరికీ గుర్తే, భగత్‌సింగ్ కాలనీ మునిగింది, పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. ఆమెకి ఏం లాభం లేదు మాకు చెప్పినందుకు, అయినా చెప్పింది. అప్పటి నుంచి ఎక్కడ ఇల్లు చూసినా ఓనర్‌ని కాకుండా పక్కింటి వాళ్ళని అడగడం అలవాటు చేసుకున్నాం: 2021లో ఈ వీధిలోకి నీళ్ళు వచ్చాయా, ఎంత వచ్చాయి, ఎన్నాళ్ళున్నాయి అని.

జూలై 6న ఆషాఢం వచ్చింది. ఇక ఈ నెలంతా ఇల్లు దొరకదని అత్తయ్య అన్నారు గానీ జరిగింది వేరు. ఆషాఢంలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి ఖాళీ ఇళ్ళు అలాగే ఉండిపోయాయి, జూన్‌లో కొంచెం గట్టిగా మాట్లాడిన ఓనర్లే ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేశారు. బేరం ఆడాలంటే ఇదే టైము. ఒక్కటే చిక్కు, ఇంట్లోకి దిగేది శ్రావణంలో కాబట్టి అప్పటిదాకా అద్దె ఎవరు కట్టాలన్నది ముందే తేల్చుకోవాలి. కొందరు టోకెన్ ఇచ్చిన రోజు నుంచే అద్దె మీటరు తిరుగుతుందంటారు.

మధ్యలో రొట్టెల పండుగ వచ్చింది, జూలై 17 నుంచి. ఆ వారం దర్గామిట్ట వైపు జనంతో కదిలే పని లేదు, ఇళ్ళ వేట ఆపేశాం. మా క్లినిక్‌లో నర్సు అక్క నన్ను బారాషహీద్ దర్గాకి తీసుకెళ్ళింది. స్వర్ణాల చెరువు నీళ్ళల్లో నిలబడి, ఇల్లు కావాలని కోరుకునేవాళ్ళు పట్టుకునే గృహరొట్టె అందుకున్నాను. ఇచ్చినామె కావలి నుంచి వచ్చిందట, పోయినేడు తనూ ఇలాగే పట్టుకుందట. నేను నమ్మకంగానే తిన్నాను ఆ రొట్టె. ఆ మరుసటి వారమే ఇల్లు కుదిరింది.

ఇల్లు బుజబుజ నెల్లూరు దాటాక హైవే నుంచి లోపలికి ఉన్న ఒక లేఅవుట్‌లో. చెప్పింది మా ఇస్త్రీ అన్న, వాళ్ళ బావమరిది అక్కడే ఉంటాడు. ఓనర్ అంకుల్ ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు, ముందు భాగంలో ఆయనా ఆంటీ ఉంటారు, వెనక పోర్షన్ అద్దెకి. రెండు బెడ్‌రూములు, చిన్న హాలు, వంటిల్లు, వెనకాల బట్టలారేసుకోడానికి జాగా, ఒక జామచెట్టు. చెప్పింది 7,500. ఏప్రిల్ నుంచి ఖాళీగా ఉందని ఇస్త్రీ అన్న ముందే చెవిలో వేశాడు కాబట్టి నేను 6,000 నుంచి మొదలుపెట్టాను. 6,500 దగ్గర తెగింది. అడ్వాన్స్ మూడు నెలలది, 19,500. అద్దె ఆగస్టు 1 నుంచి. ఇక్కడా ఆ ప్రశ్న అడిగారు, చెప్పాం, ఆంటీ "మాకదేం పట్టింపు లేదులే అమ్మాయ్, ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటే చాలు" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆమె చూడకుండా వంటింట్లోకి వెళ్ళాను.

వంటింట్లోకి వెళ్ళానని రాశాను కదా, అక్కడ చూసిన పని కూడా చెప్తాను. ట్యాపు విప్పి ఆ నీళ్ళు దోసిట్లో పట్టుకుని నోట్లో పోసుకున్నాను. ఉప్పగా ఉన్నాయి. ట్యాపు మూతి చుట్టూ, బాత్‌రూమ్‌లో బకెట్ అంచున తెల్లగా సున్నంలా పేరుకుని ఉంటే ఆ బోరు నీళ్ళు ఎలాంటివో వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ గోటితో గీరితే పొడి రాలింది. అయినా ఒప్పుకున్నాం, ఎందుకంటే ఆ చుట్టుపక్కల చూసిన బోర్లన్నీ ఉప్పువే, తాగడానికి క్యాన్లు కొనుక్కోవాల్సిందేనని తెలిసే ఒప్పుకున్నాం. తెలిసి ఒప్పుకోవడం వేరు, చేరాక తెలియడం వేరు.

టోకెన్ కింద 2,000 ఫోన్‌పే చేశాం. పాత ఓనర్‌ని ఇంకో వారం అడిగితే ఆ వారానికి అద్దె లెక్కగట్టి తీసుకునే ఒప్పుకున్నారు. అగ్రిమెంట్ ఆగస్టు మొదటి వారంలో కోర్టు దగ్గర రాయించాం. వంద రూపాయల స్టాంపు పేపరు, టైపింగ్, నోటరీ అన్నీ కలిపి 600 అయింది. పదకొండు నెలలకే రాస్తారు. అందరూ అదే పద్ధతిలో పోతారు. డాక్యుమెంట్ రైటర్ దగ్గర పాత నమూనా ఒకటి ఉంటుంది, పేర్లు మార్చి ప్రింట్ తీసేస్తాడు. నేను ఆపి నాలుగు సంగతులు చేర్పించాను. ఖాళీ చేయాలంటే ఎవరైనా ఒక నెల ముందు చెప్పాలి. తాళం చెవులిచ్చిన రోజే అడ్వాన్స్ తిరిగివ్వాలి. పెయింట్ పేరుతో కోత ఉండదు, మేం పాడు చేసింది ఏదైనా ఉంటే అది మాత్రమే. అద్దె పెంచితే ఐదు శాతం దాటకూడదు. అంకుల్ అన్నిటికీ సరే అన్నారు గానీ పెయింట్ దగ్గర కాస్త ఆగారు. పాత ఇంట్లో మాకు ఆ పెయింట్ గొడవ అప్పటికే మొదలైందని చెప్తే ఒప్పుకున్నారు.

ఆ గొడవ ఇది. పాత ఓనర్ దగ్గర మా అడ్వాన్స్ 22,000 ఉంది. మేం ఖాళీ చేయకముందే వచ్చి గోడలన్నీ చూసి, పెయింట్‌కి 9,000 పోతుంది, మిగతాది నెలాఖరుకి వేస్తానన్నారు. మా అగ్రిమెంట్‌లో పెయింట్ మాటే లేదు, నాలుగేళ్ళున్న ఇంటికి రంగు వెలవడం మా తప్పా అని అడిగాను. ఆగస్టు అయిపోయింది, డబ్బు పడలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే రేపంటారు. ఆ రోజుల్లో నాకు పనిలో కూడా మనసు నిలిచేది కాదు, 22,000 అంటే మాకు చిన్న మొత్తం కాదు. చివరికి, చేరిన రోజు గోడలెలా ఉన్నాయో మా ఆయన ఫోన్‌లో 2020 నాటి ఫోటోలు ఉంటే అవన్నీ పంపి, అగ్రిమెంట్ కాపీ కూడా జతచేసి, లాయర్ నోటీసు ఇవ్వాల్సి వస్తుందని మర్యాదగానే మెసేజ్ పెట్టాను. సెప్టెంబరు 21న 18,000 వేశారు. మిగతా నాలుగు వేల కోసం ఇంక పరిగెత్తే ఓపిక లేక వదిలేశాం. అందుకే కొత్త ఇంట్లో దిగిన రోజే ప్రతి గది గోడలు, కిటికీలు, ట్యాపులు, స్విచ్‌బోర్డులు వీడియో తీసి అంకుల్‌కి వాట్సాప్‌లో పంపాను. ఆయన ఏమీ అనుకోలేదు, నువ్వు చేసింది మంచి పనే అన్నారు.

దిగింది ఆగస్టు 8, గురువారం, శ్రావణం వచ్చిన నాలుగో రోజు. పొద్దున్నే పాలు పొంగించి, మధ్యాహ్నం సామాను తెచ్చుకున్నాం. టాటా ఏస్‌కి 2,200, ఎత్తి దించే ముగ్గురికి 1,800, బీరువా మెట్ల మీద నుంచి దించినందుకు విడిగా ఇంకో 200 అడిగారు. ఆ సంగతి ముందే మాట్లాడుకోండి, బీరువా, ఫ్రిజ్జు, మెట్లు అని విడిగా చెప్పి మరీ మాట్లాడుకోండి. కిటికీలకి దోమల మెష్ 2,400. చుట్టూ ఖాళీ ప్లాట్లు, వాటి నిండా చిల్లచెట్లు, సాయంత్రం ఆరైతే దోమలు తరుముకొస్తాయి, ఆ ఖర్చు తప్పదు. గ్యాస్ మార్పు మాత్రం నేను భయపడ్డంత కష్టం కాలేదు. ఒకే ఊళ్ళో ఏజెన్సీ మారితే సిలిండర్, రెగ్యులేటర్ వెనక్కి ఇవ్వక్కర్లేదు, పాత ఏజెన్సీ ట్రాన్స్‌ఫర్ కాగితం ఇస్తే దానితో కొత్త చోట రాయించుకోవడమే. ఈ పనికి క్లినిక్‌లో ఒక పూట సెలవు పెట్టాను.

మొదటి నెల నీళ్ళకి అలవాటు పడడమే సరిపోయింది. బోరు నీళ్ళల్లో కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా ఉడకదు, బద్దలు బద్దలుగానే ఉంటుంది. అంటే క్యాన్ నీళ్ళు తాగడానికే కాదు, పప్పుకి, అన్నానికి, టీకి కూడా కావాలి. ఇంటికి వేస్తే క్యాన్ 20 రూపాయలు, ప్లాంటుకి మనమే వెళ్ళి పట్టుకుంటే 10. మాకు నెలకి ఇరవై దాకా పడుతున్నాయి. తలంటుకున్నాక జుట్టు పీచులా అయ్యేది, పాప ఏడ్చేది. చివరి రెండు చెంబులు క్యాన్ నీళ్ళు పోస్తే బాగుంటుందని ఆంటీ చెప్పారు, నిజంగానే తేడా కనిపించింది.

కరెంటు సంగతి నేను ఊహించనిది. ఇంటి మొత్తానికి మీటరు ఒక్కటే, మా పోర్షన్‌కి లోపల సబ్ మీటరు. యూనిట్‌కి 9 రూపాయలని అంకుల్ ముందే చెప్పారు. ఇక్కడ చాలా ఇళ్ళల్లో అదే రేటు కాబట్టి మేమూ తలూపాం. మొదటి నెల మాకు 130 యూనిట్లు వచ్చింది, 1,170 ఇవ్వమన్నారు. పాత ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్జు, టీవీ అన్నీ ఇవే, అంత బిల్లు ఎప్పుడూ రాలేదు. ఆదివారం సాయంత్రం అంకుల్ దగ్గరికి వెళ్ళి అసలు బిల్లు చూపించమని అడిగాను. వాళ్ళదీ మాదీ కలిపి 260 యూనిట్లు. మన దగ్గర ఇళ్ళకి స్లాబులు కదా, అప్పటి రేట్లు ఇవి: మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆ పైన 400 దాకా 8.75. పాప నోటుబుక్కులో కాగితం చింపి అక్కడే కూర్చుని వేశాం. 260 యూనిట్లు ఒకే మీటరు మీద కాలితే 1,323 అవుతుంది. అవే యూనిట్లు చెరి 130 చొప్పున రెండు మీటర్ల మీద కాలితే ఒక్కొక్కరికి 447, ఇద్దరికీ కలిపి 894. ఫిక్స్‌డ్ చార్జీలు, ట్రూఅప్ (పాత ఖర్చుల సర్దుబాటు కింద వేసే చార్జీ) వగైరా వీటికి అదనం. అంటే ఒకే మీటరు ఉన్నందుకు నెలకి నాలుగొందల పైన ఊరికే పోతోంది, పైగా యూనిట్‌కి 9 లెక్కన మొత్తం బిల్లులో ఎక్కువ భాగం మేమే కడుతున్నాం.

అంకుల్ చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు. ఆయన మోసం చేయాలని చేసింది కాదు, పాత అద్దెవాళ్ళకి ఎవరో చెప్పిన రేటు అలాగే నడుస్తోంది. "నేనెప్పుడూ ఇట్టా లెక్కెయ్యలేదమ్మా" అన్నారు. ఆ నెల నుంచే వచ్చిన బిల్లుని యూనిట్లని బట్టి పంచుకోవడం మొదలుపెట్టాం, రెండో మీటరుకి సెప్టెంబరు ఆఖరులో దరఖాస్తు పెట్టారు. వెనక పోర్షన్‌కి వైరింగ్ విడిగా ఉండాలన్నారు, ఆ ఎలక్ట్రీషియన్ ఖర్చు 1,200 మేం పెట్టుకున్నాం, మిగతాది అంకుల్ పెట్టుకున్నారు. అది వచ్చేసరికి డిసెంబరు రెండో వారమైంది, మధ్యలో వానలు, ఇంటి పన్ను కాగితం ఇంకోసారి అడగడం, ఇలా సాగింది. మీరు ఇల్లు చూసేటప్పుడు మీటరు విడిగా ఉందా లేదా అన్నది అద్దె అడిగినంత ముఖ్యంగా అడగండి. లేకపోతే, కనీసం నెలనెలా అసలు బిల్లు చూపించి యూనిట్ల ప్రకారం పంచుతారా అని అడిగి రాయించుకోండి.

ఇక అక్టోబరు. మిగతా ఊళ్ళల్లో వానాకాలం అయిపోయాక మనకి మొదలవుతుంది కదా. అక్టోబరు 14, సోమవారం, వాయుగుండం అని ఫోన్లలో హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి. పొద్దున నేను వచ్చేటప్పటికి చినుకులే, మధ్యాహ్నానికి కురిసి కురిసి ఆగలేదు. పాప స్కూల్ బస్సు మధ్యాహ్నమే వదిలేశారని మెసేజ్ వచ్చింది. టౌన్‌లో మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిలు గట్టి వాన పడితే ఎలా నిండుతాయో తెలుసు కాబట్టి బస్సు ఎటు తిరిగి వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో అని నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. డ్రైవర్ ఫోన్ కలవలేదు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు, లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. ఆంటీకి ఫోన్ చేస్తే "నేను హైవే మీదికి పోతుండా, నువ్వు కంగారు పడమాక" అన్నారు. అరవై ఏళ్ళు దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు, గొడుగేసుకుని కాలనీ రోడ్డు మీద ఆ నీళ్ళల్లో నడుచుకుంటూ వెళ్ళి పాప బస్సు దిగేదాకా నిలబడ్డారు. నేను చేరేసరికి రాత్రి ఏడున్నర. షేర్ ఆటోలు లేవు, అయ్యప్పగుడి సెంటర్ దాకా ఒక ఆటో దొరికింది, అక్కడి నుంచి ఇంకో ఆటోకి 150 ఇచ్చాను. హైవే నుంచి మా ఇంటి దాకా మట్టిరోడ్డు, మోకాలు లోతు నీళ్ళు, కరెంటు లేదు. ఫోన్ లైటు వేసుకుని కరెంటు స్తంభాలు ఆనవాలు పట్టుకుంటూ నడిచాను, ఎందుకంటే కాలువ ఏ పక్క ఉందో నీళ్ళల్లో తెలియదు. ఇంట్లోకి మాత్రం నీళ్ళు రాలేదు, అంకుల్ కట్టేటప్పుడే పునాది రోడ్డు కంటే మూడడుగులు ఎత్తు లేపారు. పాప అంకుల్ వాళ్ళ హాల్లో దుప్పటి కప్పుకుని, కొవ్వొత్తి ముందు అన్నం తింటోంది, ఆంటీ చారు కలిపి పెడుతున్నారు.

1912కి ఫోన్ చేస్తే కంప్లయింట్ తీసుకున్నారు, కరెంటు మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. వీధిలో నీళ్ళు నాలుగో రోజుకి గానీ తగ్గలేదు. ఆ నాలుగు రోజులూ పాలు, కూరగాయలు అంగడి ఆమె దగ్గర ఏముంటే అవే. నీళ్ళు తగ్గాక చిల్లచెట్ల వైపు నుంచి పాము వచ్చింది మా జామచెట్టు దగ్గరికి, ఎదురింటి అన్న వచ్చి తోలేశాడు. అప్పటి నుంచి వెనక లైటు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. నవంబరు ఆఖర్లో, డిసెంబరులో మళ్ళీ వానలు పడ్డాయి గానీ అప్పటికి మాకు తెలుసు, రెండు క్యాన్లు ఎక్కువ తెచ్చిపెట్టుకోవడం, పాపకి స్కూల్ మాన్పించడం, నా చెప్పులు సంచిలో పెట్టుకుని నడవడం.

ఇప్పుడు లెక్క. పాత ఇంటికి నెలకి 12,200. ఇక్కడ అద్దె 6,500. టులెట్ బోర్డు మీద చూస్తే 5,700 మిగిలినట్టే. కానీ అక్కడ పాప నడిచి వెళ్ళేది, నన్ను మా ఆయన దించేవారు. ఇక్కడ స్కూల్ బస్సు నెలకి 1,300 పడుతోంది, నాకు షేర్ ఆటో రోజుకి నలభై చొప్పున వెయ్యి దాటుతోంది, క్యాన్లకి 400. అన్నీ కలిపితే 9,240. అంటే చేతిలో మిగిలేది మూడు వేలకి కొంచెం తక్కువ. మారడానికి అయిన ఖర్చు, ఆటోల దండగ, పాత అడ్వాన్స్‌లో పోయిన నాలుగు వేలు అన్నీ రాబట్టుకోడానికే మాకు డిసెంబరు దాకా పట్టింది. జనవరి నుంచే నిజంగా మిగలడం మొదలైంది. ఆ మూడు వేలు పాప పేరు మీద పోస్టాఫీసులో ఆర్డీ వేశాం. నాకు రోజూ ప్రయాణానికి గంటకి పైగా ఎక్కువ పడుతోంది, ఆ అలసట ఈ లెక్కలోకి రాదు. మా ఆయనకి మాత్రం హాయి, కంపెనీ బస్సు హైవే మీదే ఎక్కుతారు.

ఉంటామా అంటే ఉంటాం. సంక్రాంతికి ఆంటీ, నేను, ఎదురింటి అక్క కలిసి అరిసెలు వండాం. పాకం నాకు కుదరదని ఆంటీ నన్ను పిండి కలపడానికే పరిమితం చేశారు. హరనాథపురంలో నాలుగేళ్ళల్లో ఎదురు ఫ్లాట్ వాళ్ళ ఇంటిపేరు కూడా మాకు తెలియదు. కాలనీ రోడ్డుకి మట్టి తోలించమని వీధి వాళ్ళందరం సంతకాలు పెట్టి వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చాం, జవాబు ఇంకా రాలేదు. మా అగ్రిమెంట్ గడువు 2025 జూలై 7 దాకా. అప్పటి నుంచి 6,800 అని అంకుల్ ఇప్పుడే చెప్పారు, ఐదు శాతం లోపే కాబట్టి సరే అన్నాం. ఈసారి స్టాంపు పేపరులో మా మీటరు సర్వీసు నంబరు కూడా రాయిద్దామని ఆయనే అన్నారు.